రక్తక్షేత్రంలో మా నాన్న

పోయిన వారం పాలేరుతనం గురించి రాస్తానని మీకు మాటిచ్చాను. రాయబోతే చెయ్యి ఆడలేదు. పుట్టినప్పటినుంచీ చూసిన బతుకే, అయినా ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. చివరికి మా అమ్మాయే దారి చూపించింది.

అమ్మాయి ఎం.ఏ. హిస్టరీ చదువుతోంది. సెలవులకి పిట్టలవానిపాలెం వచ్చి, వాళ్ళ తాతకి ఫోన్లో ఫొటోలు చూపిస్తోంది. మారిషస్‌లో ఆప్రవాసీ ఘాట్ అని ఓ పాత రేవు. అక్కడ బానిసత్వం రద్దయ్యాక చెరుకు తోటలకి మనుషులు కావాల్సొచ్చి, 1834 నుంచి మన దేశం వాళ్ళని ఒప్పందం మీద ఓడల్లో తీసుకెళ్ళి దించిన చోటు. 1920 దాకా దాదాపు 5 లక్షల మంది. మన కోరంగి రేవులో ఓడెక్కిన తెలుగువాళ్ళు కూడా వాళ్ళలో ఉన్నారు. 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

"మనకి ఇట్టాంటి చోటు ఏదన్నా ఉందా నాన్నా?" అని నన్నడిగింది.

నేను నోరు తెరిచేలోపే మా నాన్న మంచం మీద నుంచి, "మనం బానిసలం కాదుగదమ్మా, పాలేర్లం" అన్నాడు.

తొమ్మిదో ఏట జీతానికి కుదిరిన మనిషి ఆయన. మా అత్త పెళ్ళికి తాత తెచ్చిన 300 రూపాయల అప్పు కింద ఆసామి గొడ్లసావిట్లో చేరాడు. తెల్లారకముందే పేడ తీయాలి, పాలు పిండిన ఇంట్లో పాలు తాగకూడదు, ఆకులో పోసిన చద్దన్నం సావిడి బయట కూర్చుని తినాలి. ఏడాదికి ఇన్ని బస్తాల ధాన్యం అని మాట. కళ్ళం దగ్గర కొలత అయ్యేసరికి వడ్డీ పోను మిగిలేది ఎప్పుడూ తక్కువే, మళ్ళీ ఓ వేలిముద్ర. సినిమాల్లో పాలేరు నమ్మకానికి ప్రాణమిచ్చే మనిషి. ఆ నమ్మకం వెనకున్న కాగితాన్ని ఏ సినిమా చూపించింది?

కృష్ణకి ఆనకట్ట కట్టింది 1855లో. ఆ నీళ్ళతో ఈ నేల బంగారం పండిందని పాఠాల్లో చదువుకున్నాం. పండించిన చేతుల్లో ఎక్కువ మాల మాదిగలవి. బానిసత్వాన్ని కోర్టులు గుర్తించకూడదని ఇంగ్లీషువాళ్ళు 1843లోనే చట్టం చేశారు. వెట్టి రద్దు చట్టం 1976లో వచ్చింది. దాని ప్రకారం వెట్టి అప్పు దానంతటదే రద్దు. ఆ ఏడు మా నాన్న అదే సావిట్లో ఉన్నాడు. ఆ ముక్క ఆయనకి ఎవరు చెప్పాలి, ఆసామా?

బానిసత్వం, అంటరానితనం, ఈ రెండిట్లో ఏది ఎక్కువ హీనమని అంబేద్కర్ విడిగా చర్చించాడు. బానిస యజమానికి ఆస్తి, కాబట్టి కనీసం చావకుండా చూసుకుంటాడు, అంటరానివాడి తిండికీ ప్రాణానికీ ఎవడూ పూచీ కాదంటాడు. మా నాన్న అప్పుకి కట్టుబడ్డాడు, అంటరానివాడుగానూ ఉన్నాడు. ఆయన్ని ఏ లెక్కలో వేయాలో నాకిప్పటికీ తేలదు.

మ్యూజియం లేదమ్మా, కానీ ఒక చోటు ఉంది, పోదాం పద అన్నాను. నాన్న కూడా వస్తానన్నాడు. ముగ్గురం ఆటోలో పొన్నూరు వెళ్ళి, నిడుబ్రోలు స్టేషన్లో ప్యాసింజర్ ఎక్కి చుండూరులో దిగాం.

ఆ రైలు ఊరికే చెప్పలేదు. ఊళ్ళో స్టేషన్ ఉండబట్టి చుండూరు దళితుల్లో చాలామంది రైల్వే పనుల్లోకి పోయారు. నెల జీతం వచ్చాక ఆసామి గుమ్మం ముందు నిలబడే అవసరం తగ్గింది. పిల్లలు డిగ్రీలు చదివారు. 1991 జులై 4న సినిమా హాల్లో అట్టా చదువుకున్న ఒక కుర్రాడి కాలు ముందు కూర్చున్న పెద్దకులం వాడికి తగిలిందని గొడవ మొదలైంది. ఆ తర్వాత సాంఘిక బహిష్కరణ, పనులు బంద్. ఆగస్టు 6న పోలీసులు పేటలోకొచ్చి, మగాళ్ళు పారిపోండి అన్నారు. పారిపోయిన పొలాల్లో రాడ్లు, గొడ్డళ్ళు కాచుకుని ఉన్నాయి. ఎనిమిదిమందిని చంపి, కొన్ని శవాల్ని గోతాల్లో కుక్కి తుంగభద్ర కాలవలో వేశారు.

వాళ్ళని శ్మశానంలో కాదు, ఊళ్ళోనే పూడ్చారు. అదే రక్తక్షేత్రం. మేం వెళ్ళింది వర్ధంతి రోజు కాదు. జెండాల్లేవు, మైకు లేదు.

లోపలికి పోతూ నేను చెప్పులు విప్పాను, అమ్మాయి షూ విప్పింది. నాన్న విప్పలేదు. చూసుకోలేదేమోనని, "నాన్నా, చెప్పులు" అన్నాను.

"ఆసామి వీధిలో ముప్పై ఏళ్ళు చేత్తో పట్టుకు నడిచాన్రా. ఇక్కడెందుకు తీయాలి, ఇది మనోళ్ళ జాగానే గదా" అన్నాడు.

నేను కూడా తిరిగి తొడుక్కున్నాను. అమ్మాయి మాత్రం వట్టి కాళ్ళతోనే నిలబడింది. వాళ్ళిద్దర్లో ఎవరిది సరైందో తేల్చే పని నాది కాదు.

అమ్మాయి ఎనిమిది పేర్లూ పైకి చదివింది. జాలాది ఇమ్మానియేలు, జాలాది ముత్తయ్య, జాలాది ఇస్సాకు, మల్లెల సుబ్బారావు, మండ్రు రమేష్, సంకూరు సంసోను, దేవరపల్లి జయరాజు, అంగలకుదురు రాజమోహన్. తర్వాత సెప్టెంబరులో పోలీసు కాల్పుల్లో చనిపోయిన అనిల్ కుమార్ గురించి నేను చెప్పాను. జనం పోరాడి హత్యలు జరిగిన ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారనీ, 2007 జులై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం వేసిందనీ, 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసిందనీ చెప్పాను. ఎవరు ఎక్కడ ఎప్పుడు చంపారో రుజువు కాలేదంట.

నాన్న ఇదంతా వింటున్నాడో లేదో తెలీదు. ఉన్నట్టుండి, "ఆ ఏడే నేను జీతం మానింది" అన్నాడు.

నాకు తెలిసిన కథ వేరు. అప్పుడు నేను పదో తరగతి. మోకాళ్ళ నొప్పులతో మానేశాడని అమ్మ చెప్పింది, ఆమెకి కూడా అంతే తెలుసు.

"నాట్లు పడుతున్నాయి. ఆసామి గట్టు మీద గొడుగేసుకుని నిలబడి, 'చుండూరు సంగతి విన్నావంట్రా' అన్నాడు. మామూలుగానే అడిగాడు, నవ్వుతా. విన్నానయ్యా అన్నా. సాయంత్రం దాకా నారు మోశా. మర్నాడు పోలా."

"మరి అప్పు?"

"మీ అమ్మ పాడిగేదెని అమ్మింది. రెండేళ్ళు కూలికి పోయి మిగతాది కట్టింది. భయమేసి మానానో, కోపమొచ్చి మానానో మీ అమ్మకి చెప్పలా. నాకే తెలీదు."

తిరుగు రైల్లో చాలాసేపు ఎవరం మాట్లాడలేదు. మోదుకూరు దాటాక నాన్నే మనవరాలిని అడిగాడు, ఆ ఓడల్లో పోయినోళ్ళ పేర్లు ఎక్కడన్నా రాసుంటాయా అని. ఉన్నాయి తాతా, మారిషస్‌లో రిజిస్టర్లు దాచారు, పేరు, తండ్రి పేరు, ఊరు, కులం, కొందరివి ఫొటోలు కూడా ఉన్నాయంది.

"నా పేరు రాసింది ఆసామి చిట్టా ఒక్కటే. అది ఈపాటికి చెదలు తినుంటది."

అమ్మాయి బ్యాగులోంచి నోటుబుక్ తీసి పెన్ను మూత విప్పింది. మొదటేడు జీతం ఎన్ని బస్తాలు తాతా అని అడిగింది.

"మొదటేడు బస్తాలెక్కడియ్యమ్మా, పిల్లోడికి? తిండీ, ఏడాదికో పంచె. రాసుకో."