సుద్ద, బొగ్గు, బొట్టు

మే నెలలో తిరుపతి గంగ జాతర. భక్తులు రోజుకో వేషం కడతారు. బైరాగి వేషం రోజు ఒళ్లంతా తెల్లసుద్ద. తోటి వేషం నాడు అదే ఒంటికి బొగ్గుపొడి. కెమెరాలోని మీటరుకు ఈ తేడా తెలీదు. ఎదురుగా ఏమున్నా సగటు బూడిద రంగే అనుకుంటుంది. అందుకే సుద్ద మాసిన పంచెలా పడుతుంది, బొగ్గు వెలిసిపోతుంది. తెలుపుకు ఒకటి, ఒకటిన్నర స్టాపు వెలుగు పెంచాలి, నలుపుకు తగ్గించాలి. ఇది చేతికి రావడానికి నాకు రెండు జాతరలు పట్టాయి.

మూడో ఏడు ఫొటోలన్నీ సరిగ్గా వచ్చాయి. ఇంటికెళ్లి చూసుకుంటే ఏ ఒక్కదాని దగ్గరా కన్ను నిలవలేదు. ఆ రాత్రి చాలా బాధపడ్డాను.

అయినా కొలతల మీద నమ్మకం పోలేదు. హైదరాబాదులో ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ రూర్కీలో ఇంజినీరింగ్ చదివినవాడు. ఆ కొలతల చదువే ఆయన కంటికి పదును పెట్టిందని నా నమ్మకం. పనితనం లేని ఊహను నేనెప్పుడూ నమ్మలేదు.

నాలుగో ఏడు, మాతంగి వేషం పొద్దు. ఓ ఇంటి వరండాలో చీర కట్టిన కొడుకు గడ్డం పట్టుకుని తల్లి బొట్టు పెడుతోంది. వాడు కళ్లు మూసుకున్నాడు.

"తీసుకోనా అమ్మా?"

"బిరీన తీసుకో నాయనా."

లోపల చీకటి, బయట మండే ఎండ. లెక్క వేసుకున్న గుర్తు లేదు, వేలే డయల్ తిప్పింది. గడప అవతల వీధంతా తెల్లగా వెలిసిపోయింది. ఆమె బొటనవేలి కుంకుమ మాత్రం ఇంకా తడిగానే కనిపిస్తుంది.