తుపాను రోజు మన టెంట్లో పడుకున్న అతిథి ఎవరి పూచీ?

పోస్టు కాస్త పెద్దది, ఓపిక చేసుకుని చదవండి.

అరకు, పాడేరు, చింతపల్లి వైపు ఇంటి పక్కన రెండు గదులు కట్టో, కాఫీ తోటలో నాలుగు టెంట్లు వేసో టూరిస్టులకు అద్దెకిచ్చే కుటుంబాల పిల్లలం ఈ గ్రూపులో తక్కువేమీ లేము. అక్టోబరు నుంచి జనవరి దాకా వచ్చే ఆ డబ్బుతోనే మాలో కొందరి కోచింగ్ ఫీజులు, రూమ్ అద్దెలు నడుస్తున్నాయి. కాఫీ డబ్బు ఏడాదికోసారి వస్తుంది, టెంటు డబ్బు వారంవారం వస్తుంది. అందుకే ఈ సంగతి ఎత్తడం మాకూ ఇబ్బందే. కానీ ఎత్తక తప్పదు. మన టూరిస్టు సీజనూ, తుపాన్ల సీజనూ ఒకటే.

హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న వచ్చింది. తిత్లీ 2018 అక్టోబరు 11న. మొంథా 2025 అక్టోబరు 28 రాత్రి తీరం దాటింది. దసరా, దీపావళి, కార్తీకమాసం, అంటే మైదానం జనం కొండెక్కే రోజులు. హుద్‌హుద్ అప్పుడు మాలో చాలామంది చిన్నపిల్లలం. కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లు అగ్గిపుల్లల్లా విరిగిపడ్డాయని, కరెంటూ ఫోనూ లేక రోజులు గడిచాయని పెద్దలు ఇప్పటికీ చెప్తారు. ఇప్పుడు ఆ సిల్వర్ ఓక్ చెట్ల కిందే టెంట్లు వేస్తున్నాం. ఫొటో బాగా వస్తుందని.

మొంథా వారంలో మేము ఇళ్ళ దగ్గరే ఉన్నాం. మా పక్క ఊళ్ళో ఒక టెంట్ల క్యాంపు ఉంది. భూమి మనవాళ్ళది, నడిపేది మైదానం ఆయన. కేర్‌టేకరు మాకు బావ వరస అయ్యే కుర్రాడు, ఇంటర్ దాకా చదివాడు. సోమవారం సాయంత్రానికే ఫోన్లకు హెచ్చరిక మెసేజీలు వచ్చేశాయి. అయినా ముందే డబ్బు కట్టిన తొమ్మిది మంది రెండు కార్లలో వచ్చి దిగారు, అందులో ఇద్దరు చిన్నపిల్లలు. బావ ఓనరుకి ఫోన్ చేస్తే, "వాళ్ళు వానలో ఎంజాయ్ చేద్దామనే వచ్చారు, నువ్వెందుకు భయపెడతావ్, అడ్వాన్స్ వెనక్కివ్వడం కుదరదు" అన్నాడట. అతిథులదీ అదే లెక్క. డబ్బు ఎలాగూ తిరిగిరాదు, వెళ్ళకపోతే దండగ అనుకుని బయల్దేరామని వాళ్ళే చెప్పారు.

మంగళవారం మధ్యాహ్నం గాలి మారింది. బావ ఇంకెవరినీ అడగలేదు. తొమ్మిది మందినీ తీసుకెళ్ళి వాళ్ళమ్మ ఉండే పెంకుటింట్లో పెట్టాడు. ఒకాయన గొణిగాడు, బాత్రూమ్ ఎక్కడన్నాడు. అత్త చోడి అంబలి కాచింది, పిల్లలకి పప్పన్నం పెట్టింది. మేమూ దుప్పట్లు పట్టుకెళ్ళి ఇచ్చాం. తెల్లారి చూస్తే ఒక టెంటు మీద కొమ్మ విరిగిపడి కర్రలు వంగిపోయి ఉన్నాయి. ఘాటీ రోడ్డు మీద చెట్లు పడ్డాయంటే వాళ్ళు ఇంకో రోజున్నర ఉండిపోయారు. వెళ్ళేటప్పుడు ఆ గొణిగినాయనే అత్త కాళ్ళకి దండం పెట్టాడు.

తర్వాత జరిగింది వినండి. అతిథుల్లో ఒకరు, టెంటు ఇవ్వలేదు కాబట్టి డబ్బు తిరిగివ్వమని ఓనరుని గట్టిగా అడిగారు. అడగడంలో తప్పు లేదు. ఓనరు సగం ఇచ్చాడు. ఇచ్చిన సగాన్ని బావ జీతంలో కోసుకున్నాడు, వంగిన టెంటు ఖర్చుతో సహా.

మా కోపం ఇక్కడే. అడ్వాన్స్ ఎవరి ఫోన్‌పేలో పడిందో బాధ్యత వాళ్ళది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 చూసినా డబ్బు తీసుకుని సేవ ఇచ్చేవాడే సేవాలోపానికి జవాబు చెప్పాలి, అక్కడ నెల జీతానికి ఉండే కుర్రాడు కాదు. పైగా 1/70 చట్టం ప్రకారం ఏజెన్సీలో గిరిజనేతరుడికి భూమి లీజుకివ్వడం కూడా బదలాయింపే, చెల్లదు. కాబట్టి ఇలాంటి క్యాంపులకు కాగితం మీద ఓనరే ఉండడు. రేపు జరగరానిది జరిగితే పోలీసులు వచ్చి ఎవరి పేరు రాసుకుంటారు? భూమి ఎవరి పేరున ఉందో వాళ్ళది, లేదా తాళాలు ఎవరి చేతిలో ఉన్నాయో వాళ్ళది. రెండూ మనవాళ్ళే. లాభం ఘాటీ దిగిపోతుంది, కేసు మాత్రం కొండ మీదే ఉంటుంది.

అలాగని మన సొంత హోమ్‌స్టేలన్నీ సక్రమంగా ఉన్నాయని కాదు. ఆరెంజ్, రెడ్ అలర్ట్ వచ్చిందంటే మనమే ముందు ఫోన్ చేసి "రావద్దండీ, డబ్బు తిరిగి వేస్తాం, లేదా వేరే తేదీ ఇస్తాం" అని చెప్పాలి. చెప్పేవాళ్ళు ఎంతమంది? ఎయిర్‌బీఎన్‌బీ లాంటి పెద్ద కంపెనీలకైతే విపత్తు వచ్చినప్పుడు డబ్బు సంగతి ఏమిటో రాసిపెట్టిన నిబంధనలుంటాయి. మన దగ్గర బుకింగ్ అంటే ఒక వాట్సాప్ మెసేజీ, ఒక స్క్రీన్‌షాటు. ఆ మెసేజీలోనే ఒక లైను కలపలేమా? అడ్వాన్స్ తిరిగి వస్తుందని తెలిస్తే సగం మంది విశాఖలోనే ఆగిపోతారు. రెండు వేలు మనకి నష్టమే, కాదనం. వయనాడ్‌లో 2024 జూలై 30న తెల్లవారకముందే ముండక్కై, చూరల్‌మల మీద కొండ విరిగిపడినప్పుడు చనిపోయినవాళ్ళలో ఊరివాళ్ళతో పాటు సెలవులకి వచ్చినవాళ్ళూ ఉన్నారు. అదీ మనలాంటి కొండ ప్రాంతమే, తేయాకు తోటలు, హోమ్‌స్టేలు ఉన్న చోటే.

తుపాను ఒక్కటే అనుకోకండి. లంబసింగి చలిలో మమ్మల్ని ఎక్కువ భయపెట్టేది కుంపటి. రాత్రి పదింటికి అతిథి "తమ్ముడూ, నిప్పులు లోపల పెట్టు, పిల్లలకి చలేస్తోంది" అంటాడు. మన పాత ఇళ్ళలో నిప్పు చుట్టూనే పడుకుంటాం కదా, ఏమవుతుంది అనిపిస్తుంది. కానీ మన పెంకుటింటికి గోడకీ కప్పుకీ మధ్య సందుంటుంది, పొగ పోతుంది. ఇప్పుడు కట్టే స్లాబు గదికి తలుపు వేస్తే ఈగ కూడా దూరదు. టెంటుకి జిప్పు పెడితే అంతే. బొగ్గులు కాలితే వచ్చే కార్బన్ మోనాక్సైడుకి రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవాడికి తెలియదు, అలాగే పోతాడు. ఎంత బతిమాలినా, ఎంత టిప్పు ఇస్తానన్నా లోపల నిప్పు పెట్టొద్దు. ఇంకో రగ్గు ఇవ్వండి, సీసాల్లో వేడినీళ్ళు పోసి గుడ్డ చుట్టి ఇవ్వండి.

గెడ్డల సంగతి మనకి చెప్పనక్కర్లేదు. ఇక్కడ ఎండగా ఉంటుంది, పైన కొండ మీద వాన కొడుతుంది. నీళ్ళు ఎర్రబడి ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తే లేచి గట్టెక్కాలని మన ఐదేళ్ళ పిల్లకి తెలుసు. హైదరాబాద్ ఇంజినీరుకి తెలియదు. తెలియకపోవడం అతని తప్పు కాదు, చెప్పకపోవడం మనది. పిడుగులూ అంతే. దామిని యాప్‌లో చుట్టుపక్కల ఎక్కడ పడుతున్నాయో కనిపిస్తుంది, సిగ్నల్ ఉంటేగా! కాబట్టి ఉరుము వినిపించగానే వంజంగి కొండ మీద నుంచైనా సరే దింపెయ్యాలి, మేఘాల ఫొటో రాలేదని ఏడ్చినా సరే.

మేము పదకొండు మందిమి కూర్చుని అనుకున్నది ఇది. పీసా చట్టం కింద మనకి గ్రామసభ ఉంది. ఆరెంజ్ అలర్ట్ ఉన్న రోజు ఊళ్ళో ఎవరూ టెంటు అద్దెకివ్వకూడదని, కేర్‌టేకరు జీతం కోయకూడదని సభలో తీర్మానం పెట్టిద్దాం. అందరూ ఒకేసారి ఆపితేనే కుదురుతుంది, ఒకరు ఆపితే పక్కవాడికి బేరం పోతుంది. ప్రతి ఊళ్ళో గట్టి కప్పున్న ఒక చోటు, బడో కమ్యూనిటీ హాలో, తాళం ఎవరి దగ్గరుంటుందో ముందే తెలియాలి. అతిథుల పేర్లు, ఫోన్లు ఒక నోటుబుక్కులో రాసుకోవాలి, సెల్లులో కాదు, కరెంటు పోతే సెల్లూ పోతుంది. ఆ బుక్కు అట్ట మీద 108, 112, కలెక్టరేట్ కంట్రోల్ రూమ్ 1077 పెద్దగా రాసి ఉండాలి.

గదుల్లో అంటించడానికి ఒక పేజీ తయారుచేస్తున్నాం. తెలుగు అయిపోయింది. ఒడిశా, ఛత్తీస్‌గఢ్ వాళ్ళూ బాగా వస్తున్నారు కాబట్టి ఒడియా, హిందీ బాగా రాయగలిగినవాళ్ళు కామెంట్లో చెప్పండి. మీ ఊళ్ళో ఎన్ని టెంట్లున్నాయి, అందులో ఎన్ని చెట్ల కింద ఉన్నాయి, అది కూడా రాయండి. సంక్రాంతి సెలవుల్లో అరకు శుక్రవారం సంత దగ్గర కలుద్దాం, బావ కూడా వస్తానన్నాడు.