దాచుకున్న జబ్బు, ఆగని గుండె దడ

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు ఫోన్ చేసినప్పుడు, బాగా చదవాలంటే ఏం చేయాలో నాలుగు మాటలు రాద్దామనుకున్నాను. అలాంటివి మన సంచికలో ప్రతి ఏడూ వస్తాయి, రావాలి కూడా. కానీ ఈ హాస్టల్లో ఉన్నప్పుడు నేను ఎవరికీ చెప్పకుండా దాచిన విషయం ఒకటుంది. దాన్ని దాచినందుకు నా డిగ్రీ మూడో ఏడు చేజారిపోయేదే. అందుకని అదే రాస్తున్నాను.

2023లో, డిగ్రీ రెండో ఏడులో ఉండగా నాకు కడుపులో కుడివైపు కింద నొప్పి మొదలైంది. రోజుకు ఏడెనిమిది సార్లు విరేచనాలు. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది. యాభై ఎనిమిది కిలోలున్నవాడిని నలభై ఆరుకు దిగాను. నీళ్లు పడలేదన్నారు, పచ్చకామెర్లన్నారు. చివరికి పెద్దాసుపత్రిలో గొట్టంతో పేగు లోపల చూసి, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. మన దేశంలో పేగుకు వచ్చే టీబీ కూడా అచ్చం ఇలాగే కనిపిస్తుందట. అది కాదని నిర్ధారించుకోవడానికే చాలా రోజులు పట్టింది. ఆఖరుకు క్రోన్స్ వ్యాధి అని తేల్చారు.

ఆ పేరు నేను అంతకుముందు వినలేదు. 1932లో అమెరికాలో దీని గురించి రాసిన ముగ్గురు డాక్టర్లలో ఒకాయన పేరు క్రోన్. ఆయన పేరే జబ్బుకు నిలిచిపోయింది. మన ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే పేగు మీద దాడి చేసి వాపు, పుండ్లు తెస్తుంది. ఇది అంటుకునే జబ్బు కాదు. పూర్తిగా పోయే జబ్బూ కాదు. మందులతో అదుపులో పెట్టుకోవాలి. కొన్ని నెలలు బాగుంటుంది, మళ్లీ ఒక్కసారిగా తిరగబెడుతుంది.

ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని అమ్మ అడిగింది, "ఎన్నాళ్లు వాడాలి నాయనా ఈ మందులు?" అని. మిరప కోతలు మానుకుని నాతో వచ్చింది. మా ఇంట్లో పదో తరగతి దాటినవాడిని నేనొక్కణ్ణే. "కొన్నాళ్లేలే అమ్మా" అన్నాను. అక్కణ్నుంచే దాచడం మొదలైంది.

హాస్టల్లో ఇంకా కష్టం. పొద్దున్నే బకెట్లు పట్టుకుని మనం నిలబడే వరుస మీకు తెలిసిందే. ఆ రోజుల్లో ఉన్న మరుగుదొడ్లలో రెండింటికి గడియలు లేవు. "అన్నా, ఇందాకే కదా వెళ్లావు!" అని ఎవరైనా నవ్వితే ప్రాణం పోయినట్టుండేది. అందుకని ఒక ఉపాయం ఆలోచించాను. నీళ్లు తాగడం తగ్గించాను. క్లాసులున్న రోజు పొద్దున టిఫిన్ మానేశాను. రాత్రి కూర కారంగా ఉంటే ఒట్టి అన్నం రెండు ముద్దలు తిని లేచేవాణ్ణి. తినకపోతే, తాగకపోతే వెళ్లాల్సిన పనే ఉండదని నా లెక్క. కెమిస్ట్రీ విద్యార్థిని అయ్యుండి ఎంత తప్పు లెక్క వేశానో తరవాత తెలిసింది.

2024లో సెమిస్టర్ పరీక్షల ముందు, ఒక రాత్రి పడుకుంటే గుండె దబదబా కొట్టుకోవడం మొదలుపెట్టింది. దిండు మీద చెవి ఆనిస్తే ఆ చప్పుడే వినపడేది. పక్కకు తిరిగినా అంతే, లేచి కూర్చున్నా అంతే. మర్నాటి నుంచి రెండో అంతస్తు మెట్లెక్కితే మధ్యలో ఆగాల్సి వచ్చేది. స్నేహితులు పరీక్షల టెన్షన్ అన్నారు. అమ్మ దిష్టి అని తాడు కట్టి పంపింది. కడుపుకు తోడు గుండె జబ్బు కూడా వచ్చిందని నాకు నేనే తీర్మానించుకున్నాను. భయపడితే దడ పెరిగేది, దడ పెరిగితే భయం పెరిగేది.

ఒక డాక్టరు దగ్గరికి ఒంటరిగా వెళ్లాను. గుండె దడ అని మాత్రమే చెప్పాను. క్రోన్స్ మాట ఎత్తలేదు. బయట బెంచీ మీద మా కాలేజీ అమ్మాయిలు ఇద్దరు కూర్చుని ఉన్నారు, తలుపు తీసే ఉంది. ఈసీజీ తీశారు. లయ సరిగ్గానే ఉంది, వేగం మాత్రం నిమిషానికి 118 అన్నారు. కూర్చుని ఉన్నప్పుడు మామూలుగా 60 నుంచి 100 మధ్య ఉండాలి. దిగులు పెట్టుకోవద్దని చెప్పి పంపించారు. ఆయన తప్పేమీ లేదు. నేను చెప్పనిది ఆయనకెలా తెలుస్తుంది?

వారం తిరక్కుండా ఒక రాత్రి కుళాయి దగ్గర కళ్లు తిరిగి పడిపోయాను. మా గదిలో ఉండే మొదటి సంవత్సరం తమ్ముడు వెనకాలే వచ్చి పట్టుకున్నాడు. వాచ్‌మన్ తాత ఆటో పిలిచాడు. వార్డెన్ సార్ ఇంటి దగ్గర్నుంచి నేరుగా ఆసుపత్రికి వచ్చారు. డ్యూటీ డాక్టరమ్మ ఏమైందని అడిగితే నేను మళ్లీ గుండె దడ అనే అన్నాను. అప్పుడు తమ్ముడు అందుకుని, "మేడమ్, అన్న రాత్రిపూట ఐదారుసార్లు బాత్రూముకు లేస్తున్నాడు. నేను లెక్కపెడుతూనే ఉన్నా. నీళ్లు కూడా తాగడు" అన్నాడు.

నేను తల దించుకున్నాను. ఆమె రాయడం ఆపి, "పాత కాగితాలేమైనా ఉన్నాయా?" అని అడిగింది. ట్రంకుపెట్టె అడుగున బట్టల కింద పెట్టిన ఫైలు గురించి అప్పుడు చెప్పాను.

రక్త పరీక్షలో హిమోగ్లోబిన్ 8.4 వచ్చింది. మగవాళ్లకు 13 తగ్గకూడదు. పొటాషియం 2.9. అది 3.5 పైన ఉండాలి. బి12 కూడా తక్కువే. డాక్టరమ్మ కాగితం వెనక బొమ్మ గీసి చెప్పింది. పేగు పుండ్ల నుంచి కొద్దికొద్దిగా రక్తం పోతోంది, వాపు వల్ల ఇనుము ఒంటికి పట్టడం లేదు. బి12ను పీల్చుకునేది చిన్నపేగు చివరి భాగం, నాకు జబ్బున్నది సరిగ్గా అక్కడే. రక్తం పలచబడితే ఉన్న కాస్త రక్తాన్నే గుండె ఎక్కువసార్లు తిప్పాలి. విరేచనాలతో నీరూ, పొటాషియమూ పోతున్నాయి. పొటాషియం మరీ తగ్గితే గుండె లయే తప్పుతుంది, అది ప్రాణానికే ముప్పు. పైగా నేను వాడుతున్న స్టెరాయిడ్ మాత్రలతో కూడా కొందరికి దడ వస్తుందట. అలాగని వాటిని సొంతంగా ఆపితే ఇంకా ప్రమాదం, మెల్లగా తగ్గించుకుంటూ రావాలంది.

పొటాషియం అంటే నాకు పరమాణు సంఖ్య 19, గుర్తు కె. పరీక్షలో రెండు మార్కులు. అది నా గుండెను నడిపిస్తోందని ఆ రోజే తెలిసింది.

సెలైన్ పెట్టారు, పొటాషియం సిరప్ ఇచ్చారు. మూడో రోజుకు నాడి 88కి దిగింది. వాపు ఉన్నప్పుడు ఇనుము మాత్రలు సరిగ్గా పనిచేయవని ఇనుమును నరానికే ఎక్కించారు. బి12 సూదిమందు వేశారు. రెండు నెలలకు హిమోగ్లోబిన్ 11 దాటింది. ఆ సెమిస్టర్లో ఒక పేపరు పోయింది, తరవాత రాసుకున్నాను.

హాస్టల్‌కు తిరిగొచ్చాక వార్డెన్ సార్‌కు అంతా చెప్పాను. కింది అంతస్తులో మరుగుదొడ్లకు దగ్గరగా గది ఇచ్చారు. వారంలో గడియలు వేయించారు. వంట చేసే అక్క తాలింపు పెట్టకముందే నాకు కొంచెం పప్పు, మెత్తటి అన్నం తీసి ఉంచేది. ఎవరూ నవ్వలేదు. ఏడాది పాటు నేను భయపడింది జరగనే లేదు.

ఇప్పటికీ అప్పుడప్పుడు దడ వస్తుంది. వస్తే ముందు కూర్చుంటాను. మణికట్టు పట్టుకుని గడియారం చూసి నిమిషం పాటు లెక్కపెడతాను. ఈ రోజు ఎన్నిసార్లు వెళ్లాను, ఎన్ని నీళ్లు తాగాను, నిద్రపోయానా అని చూసుకుంటాను. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ ఒకటి లీటరు నీళ్లలో కలుపుకుని కొద్దికొద్దిగా తాగుతాను. పొటాషియం మందు మాత్రం పరీక్ష చేయించకుండా తాగను, ఎక్కువైనా అది గుండెకు ముప్పే. దడతోపాటు ఛాతీ నొప్పి, ఆయాసం, కళ్లు తిరగడం ఉన్నా, నాడి తడబడుతున్నట్టు ఉన్నా లెక్కలు మాని ఆసుపత్రికి వెళ్లాలి. వెళ్లినప్పుడు గుండె గురించి చెప్పే నోటితోనే కడుపు గురించి కూడా చెప్పాలి.

తమ్ముళ్లూ, మన దగ్గర ఆకలి గురించి చెప్పుకోవడానికి సిగ్గు లేదు, ఫీజు గురించి అడగడానికీ సిగ్గు లేదు. ఒంటి సంగతికొచ్చేసరికి నోరు కట్టేసుకుంటాం. మీ గదిలో ఎవరైనా రాత్రుళ్లు మాటిమాటికీ లేస్తుంటే నవ్వకండి. ఏమైందని అడగండి. చెప్పకపోతే మళ్లీ అడగండి.

అమ్మకు కూడా నిజం చెప్పేశాను. మందులు ఎప్పటికీ వాడాలన్నాను. కాసేపు ఏమీ అనలేదు. తరవాత, "సరే, వాడదాంలే నాయనా" అంది.

ఎం.ఎస్సీ. రెండో ఏడు చదువుతున్నాను. ఆ రోజు నన్ను పట్టుకున్న తమ్ముడు ఇప్పుడు డిగ్రీ మూడో ఏడు, ఈ సంచిక పనుల్లోనే ఉన్నాడు. ఈ వ్యాసం అడగడానికి ఫోన్ చేసింది కూడా వాడే. "నీళ్లు తాగావా అన్నా?" అన్న తరవాతే అసలు విషయం అడిగాడు.