కట్టిన కర్రలు

కాటమరాన్ అన్న మాట మన తీరం నుంచి వెళ్ళిందే. తమిళంలో కట్టు, మరం. అంటే కట్టిన కర్రలు. విలియం డాంపియర్ అనే ఇంగ్లీషు నావికుడు 1697లో అచ్చయిన తన ప్రయాణాల పుస్తకంలో కోరమాండల్ జాలర్ల దుంగల తెప్పల్ని ఈ పేరుతోనే పిలిచాడు. ఇప్పుడు అదే మాట గూగుల్‌లో కొట్టి చూడండి. తెల్లటి విలాసనౌక, దాని మీద ఎండ కాగుతున్న జనం, చేతుల్లో వైన్ గ్లాసులు. మాటలు ఊళ్ళు మారడం, ఊరు మారాక అర్థం మార్చుకోవడం మామూలే. వేరే మాట అయితే నేనూ పట్టించుకునేవాణ్ణి కాదు. కానీ ఈ మాట ఏ వస్తువుకి పుట్టిందో ఆ వస్తువు మా ఇంట్లో ఉండేది.

మాది భీమిలి దగ్గర ఒక చేపల పల్లె. మా తాతకి తెప్ప ఉండేది. పడవ నీళ్ళని బయట ఉంచి తేలుతుంది, తెప్ప నీళ్ళని రానిచ్చి తేలుతుంది. తేలికపాటి దుంగల్ని చెక్కి, పక్కపక్కన పేర్చి, తాళ్ళతో బిగిస్తారు. అల వచ్చి కొడితే కట్లు కాస్త సాగుతాయి. నీళ్ళు సందుల్లోంచి పైకొచ్చి మళ్ళీ ఆ సందుల్లోంచే కిందికి పోతాయి. కాబట్టి చిల్లు పడి మునిగిపోవడం అన్నది తెప్పకి లేదు. తిరగబడడం ఉంది. తిరగబడితే ఈది వెళ్ళి మళ్ళీ ఎక్కాలి. తెప్ప మీద వేటకెళ్ళేవాడు రోజంతా తడిసే ఉంటాడు. ఒడ్డుకి రాగానే కట్లు విప్పి, దుంగల్ని విడివిడిగా ఇసకలో ఆరేస్తారు. లేకపోతే కర్ర నీళ్ళు పీల్చి బరువెక్కిపోతుంది. తాత పోయాక ఆ దుంగల్లో ఒకటి మా ఇంటి ముందు కూర్చునే బల్ల అయింది. నేను ఎంసెట్ పుస్తకాలు చదివింది దాని మీదే.

ఇప్పటి కాటమరాన్‌కీ మా తెప్పకీ నిజానికి చుట్టరికం లేదు. రెండు పడవల్ని ఎడంగా పెట్టి అడ్డదూలాలతో కలిపే పద్ధతి పసిఫిక్ దీవులవాళ్ళది. 1876లో నథానియెల్ హెరెషాఫ్ అనే అమెరికన్ డిజైనర్ అలాంటి జంటపడవ కట్టి న్యూయార్క్ పందెంలో అందర్నీ దాటేశాడు. ఇది పద్ధతి కాదని ఆ రకం పడవల్ని ఆ తర్వాత పందేలకి రానివ్వలేదు. పడవ పసిఫిక్‌ది, పందెం న్యూయార్క్‌ది, పేరు మాత్రం బంగాళాఖాతం జాలరిది.

2025 మే నెలలో మా ఆవిడా నేనూ సాంటొరిని వెళ్ళాం. మేముండేది మ్యూనిక్‌లో. ఆ ఫిబ్రవరిలో అక్కడ వారాల తరబడి భూమి కంపించి, పదివేల మందికి పైగా దీవి ఖాళీ చేసి వెళ్ళారు. మేం వెళ్ళేసరికి వచ్చేవాళ్ళు మళ్ళీ వస్తున్నారు. కాటమరాన్ మీద సగం రోజు విహారం బుక్ చేసింది తనే. ఐదు గంటలు, మూడు చోట్ల ఈత, పడవ మీదే భోజనం, మనిషికి 120 యూరోలు. మన డబ్బుల్లో పదకొండు వేల పైమాటే. పదేళ్ళుగా యూరోల్లో జీతం తీసుకుంటున్నా, ఆ గుణకారం బుర్రలో దానంతటదే జరిగిపోతుంది.

బయల్దేరేది దీవికి దక్షిణాన వ్లిహాదా రేవు నుంచి. రేవు వెనక తెల్లటి ప్యూమిస్ కొండలు, గాలి చెక్కినట్టు. ఒక పక్క విహారనౌకలు, ఇంకో పక్క చేపల పడవలు. పసుపురంగు వలలు కుప్పలుగా పోసి ఉన్నాయి. ఆ వాసన తగలగానే నాకు తెలియకుండానే నడక నెమ్మదించింది. మా ఆవిడ వెనక్కి తిరిగి చూసి ఏమీ అనలేదు.

ఎక్కేముందు ఒక కుర్రాడు అట్ట పట్టుకుని ఒక్కొక్కర్నీ అడిగాడు, ఈత వచ్చా అని. మా ఆవిడ వచ్చు అంది. తనది కరీంనగర్ దగ్గర పల్లె. వ్యవసాయ బావిలో, నడుముకి ఎండు సొరకాయ కట్టుకుని నేర్చుకుంది. నేను రాదు అన్నాను. కుర్రాడు నా పేరు ఎదురుగా ఏదో గీసి నారింజరంగు లైఫ్ జాకెట్ ఇచ్చాడు. పెళ్ళయిన కొత్తలో ఈ సంగతి తెలిసి మా ఆవిడ పడీపడీ నవ్వింది. "సముద్రం పక్కన పుట్టినోనివి, నీకు ఈత రాకపోవుడేంది?" అని. కారణం చెప్పాక మళ్ళీ ఎప్పుడూ నవ్వలేదు.

కారణం పెద్ద రహస్యం కాదు. మా చిన్నాన్న కాకినాడలో మరబోటు మీద కలాసీగా పనిచేసేవాడు. 1996 నవంబరు 6న తుపాను కాకినాడ దగ్గర తీరం దాటింది. వెయ్యిమందికి పైగా పోయారు, వేటకెళ్ళి తిరిగి రానివాళ్ళు ఎందరో. చిన్నాన్న ఉన్న బోటు రాలేదు. నాన్న కాకినాడ వెళ్ళి వారం రోజులు తీరం వెంట తిరిగి ఒట్టి చేతులతో వచ్చాడు. మరుసటి నెల తను మళ్ళీ వేటకెళ్ళాడు. మరుసటి జూన్‌లో నన్ను విజయనగరంలో హాస్టల్లో చేర్పించాడు. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. సెలవులకి ఇంటికొస్తే మోకాలి లోతు దాటి నీళ్ళలోకి దిగనిచ్చేవాడు కాదు. నా ఈడు పిల్లలు అలల కింద దూరి అవతల తేలుతుంటే నేను ఒడ్డున వాళ్ళ చొక్కాలకి కాపలా. ఈత నేర్పమని అడిగితే ఒకటే మాట: "నీకెందుకురా, సదువుకో."

పడవ కదిలింది. తొంభై శాతం విషయం ఇక్కడ చెప్పక్కర్లేదు. ఫోటోల్లో చూసినట్టే ఉంటుంది. ఎర్రకొండ కింద ఎర్రబీచి, పాలిపోయిన కొండ కింద తెల్లబీచి, నీళ్ళలో కింద రాళ్ళు లెక్కపెట్టుకోవచ్చు. రెండు పడవలు ఎడంగా ఉండటం వల్ల ఒరగడం బాగా తక్కువ, బల్ల మీద గ్లాసు కదలదు. ఎక్కినవాళ్ళకి కావలసిందీ అదే. సముద్రం మీద ఉండాలి, సముద్రం మీద పడకూడదు. ముందు భాగంలో రెండు పడవల మధ్య వల బిగించి ఉంటుంది, పడుకోవడానికి. నేను ఎక్కువసేపు దాని మీద కూర్చున్నాను. అల ఎక్కి దిగినప్పుడల్లా కళ్ళల్లోంచి నీళ్ళు ఎగజిమ్మి ఒళ్ళు తడిపేవి. ఆ నౌక మొత్తం మీద మా తాత వచ్చి కూర్చుంటే గుర్తుపట్టగలిగిన చోటు అదొక్కటే.

ఎర్రబీచికి దగ్గర్లోనే అక్రోతిరి. కంచుయుగపు ఊరు. దాదాపు 3,600 ఏళ్ళ కిందట అగ్నిపర్వతం పేలి బూడిద కింద కప్పేసింది. 1967లో స్పిరిడాన్ మారినాటోస్ తవ్వకాలు మొదలుపెట్టాడు. మనుషుల అస్థిపంజరాలు దొరకలేదు. ముందు వచ్చిన భూకంపాలకి జాగ్రత్తపడి ఊరు వదిలి వెళ్ళి ఉంటారంటారు. అక్కడ పురావస్తువాళ్ళు వెస్ట్ హౌస్ అని పిలిచే ఇంటి పై అంతస్తులో ఒక గది ఉంది. ఆ గదిలోని కుడ్యచిత్రాల గురించి ఈ ప్రయాణానికి ముందే చాలా చదివాను. ఒకచోట ఒంటిమీద బట్టలేని కుర్రాడు, చేతుల్లో తాడుకి గుచ్చిన చేపల గుత్తులు. గోడ పైభాగాన ఓడల ఊరేగింపు: పందిరి కింద తీరిగ్గా కూర్చున్న ప్రయాణికులు, వంగి తెడ్లు వేస్తున్నవాళ్ళు, చుట్టూ గెంతుతున్న డాల్ఫిన్లు. అదే గదిలో ఉత్తరపు గోడ మీద నీళ్ళలో తేలుతున్న నగ్నదేహాలు. మునిగిపోయినవాళ్ళని కొందరు, కాదని కొందరు పండితులు.

నా మటుకు నాకు అనుమానం లేదు. వేటగాడు, విహారం, మునిగినవాడు. మూడూ ఒకే గదిలో గీసినవాడికి సముద్రం తెలుసు. మనం రాసే యాత్రాకథనాలు ఎక్కువగా ఆ పందిరి కింద కూర్చున్నవాళ్ళు రాసేవి. సూర్యాస్తమయం, తెల్లటి ఇళ్ళు, నీలి గుమ్మటాలు. చూసింది రాయడంలో తప్పేమీ లేదు. కానీ ఆ పందిరి కింద కూర్చుంటే కనిపించనివి ఏమిటో చిత్రకారుడు పక్కగోడల మీద గీసి పెట్టాడు. ఈ పడవ మీద పందిరి నీడలో కూర్చున్న నేను మిగతా రెండు గోడల ఇంట్లోంచి వచ్చినవాణ్ణి.

దీపస్తంభం చుట్టి కల్దేరాలోకి వెళ్ళాం. అది పేలిన అగ్నిపర్వతపు గొయ్యి, ఇప్పుడు సముద్రం. మధ్యలో పాలియా కమేని అనే నల్లరాతి దీవి. దాని పక్కన వేడినీటి ఊటలు. పడవ కొంచెం దూరంలో ఆగుతుంది, మిగతాది ఈదాలి. నీళ్ళలో ఇనుము, గంధకం. తెల్లబట్టలకి తుప్పురంగు అంటుకుంటుందని ముందే హెచ్చరించారు. మా ఆవిడ చప్పున దూకేసింది. నేను జాకెట్ బిగించుకుని, వెనక మెట్ల మీద కూర్చుని, ఒక్కో మెట్టూ దిగాను. చివరి మెట్టు తర్వాత కాలికి ఏమీ తగల్లేదు.

చల్లగా ఉంది. జాకెట్ నన్ను పైకి లాగుతోంది. నేను మెట్టుకున్న ఊచ వదల్లేదు. మా ఆవిడ ఈదుకుంటూ వచ్చి, "ఇడిచిపెట్టు, నేనున్న గదా" అంది. కాసేపటికి విడిచిపెట్టాను. ఊటల దాకా వెళ్ళలేదు. పడవ వెనకే, నాలుగు బారల దూరంలో, కార్కులా తేలుతూ ఉన్నాను. చెవుల్లోకి నీళ్ళు పోయినప్పుడు మనుషుల గొంతులు ఆగిపోయి ఒక మోత వినిపించింది. చిన్నాన్న గుర్తొచ్చాడు. ముఖం సరిగ్గా గుర్తులేదు. భుజం మీద ఎక్కించుకుంటే కనిపించే నడినెత్తి గుర్తుంది. మొత్తం పది నిమిషాలు ఉన్నానేమో.

పైకొచ్చేసరికి భోజనం సిద్ధం. చికెన్, రొయ్యలు, ద్రాక్షాకుల్లో చుట్టిన అన్నం, దోసకాయ పెరుగు. ఈ దీవిలో ఫావా అని ఒకటి చేస్తారు. పచ్చటి పప్పు మెత్తగా ఉడికించి, పైన ఆలివ్ నూనె, ఉల్లిపాయ ముక్కలు. నెయ్యి లేని ముద్దపప్పు. ఇద్దరం రెండోసారి వేయించుకున్నాం. గ్రిల్ దగ్గర నిలబడ్డ కుర్రాణ్ణి రొయ్యలు ఇక్కడివేనా అని అడిగితే నవ్వి, ఫ్రీజర్‌వి అన్నాడు. వాళ్ళ తాతకి చేపల పడవ ఉండేదట, చెక్కది. ఇప్పుడు ఫోటో మాత్రం ఉందట. ఎందుకు లేదో అతను చెప్పక్కర్లేకపోయింది. సముద్రంలో చేపలు తగ్గిపోతున్నాయని 1990ల నుంచి యూరోపియన్ యూనియన్ లైసెన్సు వదులుకునే జాలర్లకి డబ్బిచ్చింది. ఆ పథకం కింద గ్రీసులో వేలకొద్దీ చెక్కపడవల్ని బుల్‌డోజర్లతో పిప్పి చేశారు. అతను గ్రిల్ మీద చికెన్ తిప్పుతూ, నీకు పడవలు తెలుసా అని అడిగాడు. మా తాతకి కాటమరాన్ ఉండేది అన్నాను. నిజమే చెప్పాను. అతను నన్ను కోటీశ్వరుడి మనవడిలా చూశాడు. ఫోన్లో పాత తెప్ప బొమ్మ వెతికి చూపించేసరికి ఇద్దరం నవ్వుకున్నాం.

నాన్నకి వీడియో కాల్ చేశాను. అక్కడ సాయంత్రం నాలుగున్నర. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో వేట నిషేధం కదా, మోటారు ఉన్న బోటేదీ వెళ్ళకూడదు. నాన్న ఒడ్డున వల బాగుచేసుకుంటున్నాడు. పడవ అంతా తిప్పి చూపించాను.

"ఎంత తీసుకున్నారేటి?"

సగం చేసి చెప్పాను. అయినా కాసేపు మాట్లాడలేదు.

"ఏటి పడతాయిరా అక్కడ?"

"పెద్దగా పడవంట నాన్నా, తగ్గిపోయాయంట."

"లోతెంత?"

కల్దేరాలో లోతు 390 మీటర్ల దాకా ఉంటుంది. మనసులో భాగహారం చేసి, రెండొందల పైన బారలు అన్నాను. నాన్న వల పక్కన పెట్టాడు.

"రెండొందల బారలా? మరి లంగరు ఎలగేస్తారు?"

నాకు ఆశ్చర్యమేసింది. ఐదు గంటల్లో పడవ మీద ఎవరూ అడగని ప్రశ్న అది. పెద్ద ఓడలకి ఇక్కడ లంగరు అందదు, ఒడ్డు పక్కన లోతు తక్కువున్న చోట మాత్రమే మనం ఆగింది అని కుర్రాడు చెబితే అదే చెప్పాను. నాన్న తలూపాడు. తర్వాత నా జుట్టు వైపు చూశాడు.

"దిగావేటి?"

"దిగాను. జాకెట్ వేసుకున్నాను. కోడలు పక్కనే ఉంది."

ఆయన వెనక సముద్రం కనిపిస్తోంది. తిడతాడనుకున్నాను. ముప్పై ఏళ్ళ కిందటి మోకాలి లోతు గీత ఇంకా అలాగే ఉందనుకున్నాను. నాన్న కాసేపు అటు తిరిగి నీళ్ళవైపు చూశాడు. తెప్ప కట్టడం, గాలి చూడడం, నీటి రంగు బట్టి చేప జాడ పట్టడం, ఇవేవీ ఆయన నాకు నేర్పలేదు. నాకు తెలిసిందంతా పుస్తకాల్లోదీ, పక్కవాళ్ళని అడిగి తెలుసుకున్నదీ.

"ఉప్పు ఒంటిమీద ఆరనియ్యకు," అన్నాడు. "దురద పెడతాది. మంచినీళ్ళుంటే ముందు సెవులు కడుక్కో, తర్వాత మొకం."