ఐదు పెద్దదా, మూడు పెద్దదా?

మా ఇంట్లో కంప్యూటర్‌కి ఏటా దసరాకి పసుపు రాసి బొట్టు పెడతాను. 2014లో కొన్నాం దాన్ని. అప్పట్లో మావారి జీతం ఇంటి ఖర్చులకే బొటాబొటీగా ఉండేది. ఆఫీసు నుంచి వచ్చాక రాత్రిళ్లు నాలుగు కొట్ల లెక్కలు రాస్తే పిల్ల ఫీజు వస్తుందన్నారు. నా గాజులు రెండు బ్యాంకులో కుదువపెట్టి, ముప్పై ఎనిమిది వేలు పోసి తెచ్చాం. ఏడాదిన్నరలో గాజులు ఇంటికొచ్చాయి. మా అమ్మాయి మూడో తరగతి నుంచి ఇంటర్ దాకా చదివింది ఆ డబ్బా పుణ్యమానే.

దాని మీద ‘ఐ5’ అని స్టిక్కర్ ఉంటుంది. ఇంటికి ఎవరొచ్చినా మావారు "ఐ5 అండీ, మామూలుది కాదు" అని చెప్పేవారు. నాకు అర్థమైనా కాకపోయినా తలూపేదాన్ని.

ఇప్పుడు అమ్మాయి బీటెక్ రెండో ఏడాది. ఫోన్లో వాడే యాప్ ఒకటి తయారు చేయాలట, దానికి ఆండ్రాయిడ్ స్టూడియో అనే సాఫ్ట్‌వేర్ కావాలట. అది తెరుచుకునేలోపు నా కుక్కర్ మూడు కూతలు కూసేది. తెరుచుకున్నాక ఇంకే పనీ ముట్టుకోనిచ్చేది కాదు. రాత్రి పన్నెండింటికి పిల్ల బల్ల మీద తల వాల్చి దానికోసం ఎదురుచూస్తుంటే నాకు ప్రాణం ఉసూరుమనేది.

మొన్న ఆగస్టులో నా చీటీ పాడాను. వంటింటి గట్టు బాగు చేయించుకుందామని రెండేళ్లుగా కట్టిన చీటీ అది. గట్టు ఎక్కడికీ పోదులే అనుకుని, మావారితో కలిసి విజయవాడలో ఓ కంప్యూటర్ల కొట్టుకి వెళ్లాను. అక్కడి కుర్రాడు అంతా విని, "ఐ3-12100 తీసుకోండి మేడమ్, మీకు సరిపోతుంది" అన్నాడు.

మావారి మొహం మాడిపోయింది. బండెక్కాక మొదలుపెట్టారు. "మన దగ్గర ఐదు ఉందని చెప్పినా మూడు అంటగడతాడేంటి? మనల్ని చూస్తే అంత తెలియనివాళ్లలా ఉన్నామా?" నాకూ నిజమే అనిపించింది. ఐదు కన్నా మూడు ఎలా గొప్పదవుతుంది? చీర కొట్టువాడు పట్టుచీర అడిగితే పాలిస్టర్ చూపించినట్టు అనిపించి, నేనూ నాలుగు మాటలు కలిపాను.

ఇంటికొచ్చాక అమ్మాయి విని నవ్వింది. "అమ్మా, ఐ3, ఐ5, ఐ7 అన్నవి ఏ ఏడాదికి ఆ ఏడాది రకాలు. అసలు చూడాల్సింది దాని పక్కనున్న అంకె. మనది ఐ5-4570, అంటే నాలుగో తరం, 2013లో వచ్చింది. అతను చెప్పింది 12100, పన్నెండో తరం, 2022లో వచ్చింది. మధ్యలో ఎనిమిది తరాలు గడిచాయి" అంది.

అయినా మావారు ఊరుకోలేదు. ఫోన్లో రెండింటి వివరాలూ తీయించారు. పాతదాంట్లో నాలుగు కోర్లు, కొత్తదాంట్లోనూ నాలుగే. పాతది 3.2 గిగాహెర్ట్జ్, కొత్తది 3.3. "చూశావా, అంతా ఒకటే! పాయింట్ వన్ కోసం నీ చీటీ డబ్బులు పోస్తావా?" అన్నారు నావైపు తిరిగి.

అప్పుడు పిల్ల నాకు అర్థమయ్యే భాషలో చెప్పింది. మీకూ అలాగే చెబుతాను.

ఇద్దరు కత్తిపీటల ముందు కూర్చున్నారనుకోండి. ఇద్దరి చేతులూ ఒకే వేగంతో ఆడుతున్నాయి. కానీ ఒక కత్తి మొండిది, ఒకటి పదునుది. ఎవరి దగ్గర ముక్కలు ఎక్కువ పడతాయి? గిగాహెర్ట్జ్ అంటే చేతి వేగం మాత్రమే. ఒక్కో ఊపులో ఎంత పని జరుగుతుందన్నది తరం మారేకొద్దీ పెరుగుతూ వచ్చింది. పైగా ఆ 3.3 అన్నది కనీసం చెప్పే లెక్క. అవసరమైతే కొత్తది 4.3 దాకా వెళ్తుంది, పాతది 3.6 దగ్గర ఆగిపోతుంది.

ఇక కోర్లంటే వంటవాళ్లు. రెండు చోట్లా నలుగురే. కానీ పాతదాంట్లో వంటవాడు నూనె కాగేదాకా చేతులు కట్టుకుని నిలబడతాడు. కొత్తదాంట్లో వంటవాడు నూనె కాగే సందులో పప్పు సంగతి చూస్తాడు. అందుకే దానికి నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు అని రాస్తారట. (మనమైతే పుట్టినప్పటినుంచీ ఎనిమిది థ్రెడ్లే కదా!)

మూడోది క్యాష్. పొయ్యి పక్కన పోపుల డబ్బా లాంటిది. ప్రతి దానికీ సామాన్ల గదికి పరుగెత్తకుండా చేతికందేలా పెట్టుకునే చోటు. పాతదాంట్లో 6 ఎంబీ, కొత్తదాంట్లో 12. కరెంటు మాటకొస్తే పాతదాని మీద 84 వాట్లని, కొత్తదానికి 60 అని రాస్తారు. పని మరీ ఎక్కువైనప్పుడు కొత్తది 89 దాకా లాగుతుంది గానీ, మామూలుగా తక్కువే.

మావారు అంతా విన్నారు. ఏమీ అనలేదు. ఆ రాత్రి అన్నం దగ్గర మాత్రం, "అయితే నేను తెచ్చింది ఇక పనికిరాదంటారు" అన్నారు. నా చేతిలో గరిటె ఆగిపోయింది. ఇన్ని రోజులూ ఆయన వాదించింది మూడుకీ ఐదుకీ మధ్య కాదని అప్పుడు అర్థమైంది. పన్నెండింటిదాకా కళ్లు పొడుచుకుని లెక్కలు రాసిన ఆ రాత్రులన్నీ ఆ స్టిక్కర్ కింద ఉన్నాయి. దాన్ని మేం ‘పాతది పాతది’ అంటుంటే ఆయనకి ఎక్కడ తగిలిందో మేం చూసుకోలేదు.

అమ్మాయి లేచి వెళ్లి ఆయన పక్కన కూర్చుంది. "నాన్నా, అది వచ్చినప్పుడు మంచిదే. అందుకే పదకొండేళ్లు వచ్చింది. నా పని ఇప్పుడు మారింది, అంతే" అంది. ఆయన పెరుగన్నం కలుపుకుంటూ, "సరే, రేపు వెళ్దాం" అన్నారు.

పాత డబ్బాలోనే కొత్త ప్రాసెసర్ పెట్టించి డబ్బు మిగుల్చుకుందామని నేను ఆశపడ్డాను. కుదరదట. కూర్చునే గూడు వేరు కాబట్టి మదర్‌బోర్డు మారాలి. మదర్‌బోర్డు మారితే పాత ర్యామ్ పట్టదు. మానిటర్, కీబోర్డు, మౌస్ పాతవే ఉంచుకుని, మిగతావన్నీ 16 జీబీ ర్యామ్‌తో సహా కొంటే ఇరవై తొమ్మిది వేలయింది. ఆ కొట్టుకే వెళ్లాం. కుర్రాడు ఏమీ ఎరగనట్టే కాఫీ తెప్పించాడు.

ఆ సాఫ్ట్‌వేర్ ఇప్పుడు కుక్కర్‌కి విజిల్ పెట్టేలోపే తెరుచుకుంటోంది. రాత్రి ఎనిమిదింటి నుంచి పదింటిదాకా మావారి లెక్కలు, తర్వాత అమ్మాయి చదువు. మొదటిరోజు ఆయన ఏడాది మొత్తం లెక్కల ఫైల్ తెరిచి చూసి, "ఊఁ, పర్లేదు" అన్నారు. ఆయన నోట అది పెద్ద మెచ్చుకోలే.

మరి పాతది? దానికి విండోస్ 11 అధికారికంగా పడదు. ఇంటెల్‌లో ఎనిమిదో తరం, ఆపై వాటికే అది. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. అందుకని అమ్మాయి దాంట్లో ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేసింది. పదహారు వందలు పెట్టి, పాత హార్డ్‌డిస్క్ స్థానంలో ఎస్‌ఎస్‌డీ పెట్టించాం. అంతే, లేచి పరుగెత్తింది! ఇన్నాళ్లూ అది నత్తనడక నడవడానికి సగం కారణం ఆ హార్డ్‌డిస్కేనట. నా టైపింగ్‌కీ, వంటల వీడియోలకీ, మా అక్కతో వీడియో కాల్‌కీ అది బోలెడు. ఈ వ్యాసం దానిమీదే రాస్తున్నాను.

మీరెవరైనా పిల్లలకి కంప్యూటర్ కొనాలనుకుంటే స్టిక్కర్ మీద అంకె చూసి మోసపోకండి. ‘ఐ5, చవగ్గా ఇస్తాం’ అంటే ముందు ‘ఏ తరం?’ అని అడగండి. ఇలాంటి డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో నాలుగంకెలుంటే మొదటి అంకె, ఈ 12100 లాగా ఐదంకెలుంటే మొదటి రెండూ తరం చెబుతాయి. చివర ‘ఎఫ్’ అని ఉంటే బొమ్మ చూపించే భాగం అందులో ఉండదు, గ్రాఫిక్స్ కార్డు వేరే కొనాలి. ఇంట్లో ఉన్నది నెమ్మదిగా ఉంటే, కొత్తది కొనేముందు ఎస్‌ఎస్‌డీ పెట్టించి చూడండి. మామూలు పనులకి దాంతోనే సరిపోవచ్చు. అప్పుడు మీ చీటీ డబ్బులు మీ గట్టుకే దక్కుతాయి.

నా గట్టు సంగతంటారా? మళ్లీ చీటీ మొదలుపెట్టాను. ఈ దసరాకి బొట్టు పెట్టబోతే మావారే కుంకుమ భరిణె అందుకున్నారు. ముందు పాతదానికి పెట్టి, తర్వాత కొత్తదానికి పెట్టారు.