'బలగం' చూచి వచ్చితిమి

2023 మార్చి 3వ తేదీన 'బలగం' అను చలనచిత్రము విడుదలయ్యెను. నెల తిరుగునప్పటికి మా పటాన్‌చెరు కాలనీలో దానిని చూడనివారము మేమే మిగిలితిమేమో యనిపించెను. పాలు పోయునామె చూచినది. ఎదురింటివారు రెండుమారులు చూచిరి. పల్లెలలో పంచాయతీవారు తెర కట్టించగా ఊరంతయు కూర్చుండి చూచుచున్నదనియు, ఏండ్ల తరబడి మాటలు లేని అన్నదమ్ములు అది చూచి కలిసికొనిరనియు పత్రికలలో చదివితిమి.

మాకు ఆ కలిసికొనుట మీదనే యాస. కారణము చెప్పక తప్పదు. మా ఆడబిడ్డను జోగిపేట వైపు పల్లె కిచ్చిరి. మా గృహప్రవేశమునాడు ఆమెకు పెట్టిన చీర, మా చెల్లెలికి పెట్టిన చీరకంటె తక్కువ వెలదని ఆమె భర్త గుర్తించి, విస్తరి ముందునుండి లేచిపోయెను. మా వారు ఆపలేదు. చిత్రము చూచునాటికి అది జరిగి ఆరేండ్లు. ఆ చీరలు సంగారెడ్డిలో కొన్నది మేమే. ధరలో తేడా మాకు తెలియకపోలేదు. ఈ సంగతి మా వారితో నేటివరకు చెప్పలేదు. ఈ పత్రిక మా యింటికి వచ్చును గనుక ఇక తెలియగలదు.

మా వారికి మందుల ఫ్యాక్టరీలో డ్యూటీ లేని యాదివారము చూచి, అత్తగారిని వెంటబెట్టుకొని పోయితిమి.

కథ సోదరీమణులలో అనేకులకు తెలిసినదే. కొమురయ్య యను ముసలివాడు చనిపోవును. దినములనాడు పెట్టిన పిండమును కాకి ముట్టదు. ఇరువది యేండ్ల క్రింద విందులో అల్లునికి నల్లిబొక్క పడలేదన్న పౌరుషముతో కూతురు లక్ష్మికి పుట్టినింటి రాకపోకలు తెగిపోయియున్నవి. ఇల్లు ముక్కలైనందునకే ముసలివాని ఆత్మకు శాంతి లేదని యూరివారందురు. తుదకు బుడగజంగాల పాట విని అందరి గుండెలు కరగును.

మెచ్చదగినవి లేవని యనము. ఇంతకాలము మన తెలంగాణపు మాటను సినిమావారు విదూషకుని నోటనో రౌడీ నోటనో పెట్టిరి. ఇందులో తండ్రియు, కూతురును, మనుమడును ఆ మాటతోనే నవ్విరి, ఏడ్చిరి. హాస్యనటుడుగా నెరిగిన వేణు యెల్దండికి దర్శకుడుగా ఇది తొలి చిత్రమనిన నమ్మబుద్ధి కాదు. తుదిలో మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడునప్పుడు హాలంతయు ముక్కుచీదుటలే వినబడినవి. (ఆ మొగిలయ్య 2024 డిసెంబరులో కాలము చేసెను.) మా కండ్లును తడిసినవి.

అయినను, లేచి వచ్చునప్పుడు మా కేదియో వెలితి తోచినది. లక్ష్మి యేడ్పు విన్నాము గాని, ఆమె గడపిన ఇరువది యేండ్లు మాకు కనబడలేదు. నల్లిబొక్క తగవు బావ బావమరదులది. శిక్ష మాత్రము ఆమెది. ఆ యేండ్లలో బతుకమ్మ పండుగనాడు ఆమె యే వాకిట కూర్చుండి పూలు పేర్చినది? తోడికోడండ్లు పుట్టిండ్లకు పోవుచుండ ఏమని సమాధానము చెప్పుకొన్నది? మగవారి పౌరుషము కరగుట చూపుటకు పట్టిన వేళలో సగమైన దీనికి పట్టలేదని మాకు తోచెను. ఇక ఆ కూర వండిన యింటి కోడండ్ల మాట యెవ్వరికి పట్టును? మా కండ్లు ఆ ఘట్టములో వంటయింటి వైపే పోయినవి. చీరలు కొన్నవారము మేము గదా!

మరియొకటి. ఇంటి పెద్ద చచ్చినగాని, కాకి యలిగినగాని అందులో వా రొకటి కారు. బ్రతికియున్న తల్లి మా ప్రక్క కుర్చీలోనే కూర్చుండి యున్నది.

మా వారు హాలులో వెక్కివెక్కి యేడ్చిరి. మేము ఆటోలో మాటాడక వేచితిమి. ఇంటికి వచ్చి చెల్లెలికి ఫోను చేయుదురని మా నమ్మకము. మంచినీళ్లు త్రాగి, "మంచి సినిమా," అని పండుకొనిరి. మరునాడు ఫ్యాక్టరీలో పదిమందికి చెప్పి చూడుమనిరట. ఫోను మాత్రము చేయలేదు. ఏడ్చుటతో ఋణము తీరినదనుకొనిరో యేమో.

రెండేండ్లు దాటెను. 2025 ఆగస్టులో జాతీయ పురస్కారములు ప్రకటించినప్పుడు, ఇందులోని 'ఊరు పల్లెటూరు' పాటకు కాసర్ల శ్యామ్ ఉత్తమ గీతరచయితగా ఎన్నికయ్యెను. మా వారు ఆ వార్త పెద్దగా చదివి వినిపించిరి. అత్తగారు చిక్కుడుకాయ లీనె తీయుచు తల యెత్తలేదు. వారు డ్యూటీకి పోయిన తరువాత మాతో నన్నది: "నా పిండం కాకి ముట్టకపోతె, గప్పుడు జేస్తడా బిడ్డా పోను?"

బతుకమ్మ పండుగకు ముందు ఒకనాడు సంగారెడ్డిలో చీర కొని, మా అత్తాకోడండ్లము జోగిపేట బస్సెక్కితిమి. ఎవరికిని చెప్పలేదు. ఆడబిడ్డ తలుపు తీసి తల్లిని చూచి, లోనికి రమ్మనుటకును నోరు రాక నిలిచినది. ఆమె భర్త పొలముననుండెను. చాయ పెట్టి, కొంతసేపటికి సినిమా మాట తానే యెత్తినది. వారి పల్లెలోను తెర కట్టిరట.

"అందరు ఏడ్సిండ్రు. నాకైతె కోపమొచ్చింది వదినె! ఇరవై బతుకమ్మలు గా లక్ష్మి ఏడ ఆడింది? గది సూపెట్టలే."

పాత చీర సంగతి చెప్పితిమి. చెప్పుటకు గొంతు తడారిపోయినది. ఆమె గ్లాసులు కడుగుచు, "గప్పుడే తెల్సు వదినె. నీ మొకంల కనవడ్డది," అన్నది.

క్రొత్త చీరను చేతితో నిమిరి, మడత చెడకుండ మరల మా సంచిలోనే పెట్టినది. "అన్న తెస్తె కట్టుకుంట."

సాయంకాలపు బస్సులో అత్తగారు ఆ సంచి ఒడిలో పెట్టుకొనియే వచ్చినది. మా వారికి ఆ వారము రాత్రి షిఫ్టు. తెల్లవారి వచ్చునప్పటికి కనబడునట్లు సంచిని బల్లమీద పెట్టి, దీప మార్పి పండుకొంటిమి.