‘టక్’మందా, ‘కిర్రు’మందా?

కారు స్టార్టు కాలేదంటే చాలు, మనవాళ్ళకి మొట్టమొదట తోచేది తోయడం. దానికేమొచ్చిందో ఎవరూ అడగరు. ఎదురింటి పిన్నిగారబ్బాయి, పాలవాడు, అటుగా పోతున్న రిక్షా అతనూ పోగై ‘హైలెస్సా’ అంటూ వీధి చివరిదాకా తోసుకుపోతారు. పెట్రోలు చుక్కలేని బండిని మూడు వీధులు తోయించిన ఘనుడు మా బంధువర్గంలోనే ఉన్నాడు. పేరు చెప్పను, మావారికి బాగా దగ్గరవాడు.

తోయడం ఒక్క జబ్బుకే మందు. సెల్ఫ్ తిరగనప్పుడు, అది చేయాల్సిన పని చక్రాల చేత చేయిస్తామన్నమాట. తక్కిన జబ్బులకి ఎంత తోసినా మిగిలేది చెమటే. ఆటోమేటిక్ గేరు బళ్ళకైతే ఆ ఒక్క ఉపకారం కూడా జరగదు. నన్నడిగితే ముందు పని చెప్పవలసింది చేతులకి కాదు, చెవులకి. చంటిపిల్ల ఏడిస్తే అది ఆకలేడుపో, కడుపునొప్పో, నిద్రకొచ్చి పెట్టే పేచీయో పక్కగదిలోంచే చెప్పేస్తామా లేదా? ఇదీ అంతే.

ఈ విద్య నాకు చెప్పింది మా పుట్టింట్లో నాన్నగారి జీపు నడిపిన ముసలి డ్రైవరు. తాతా అనేవాళ్ళం. పక్కసీట్లో కూచుని ‘ఏమయింది తాతా, ఏమయింది’ అని నేను ఊదరగొడుతుంటే, ‘కాస్త నోరు మూసుకుంటే అదే చెబుతుంది పాపా’ అనేవాడు.

తాళం తిప్పి వినండి. ‘టక్‌టక్‌టక్‌టక్’ అని గబగబా కొట్టుకుందా, బ్యాటరీలో పస లేదు. ‘కి...ర్రు, కి...ర్రు’ అని ముసలాయన మేడమెట్లెక్కుతున్నట్టు మూలిగిందా, అదీ చాలామటుకు బ్యాటరీయే. ఒక్కటంటే ఒక్క ‘టక్’ అని ఊరుకుందనుకోండి, దీపాల వంక చూడాలి. అవి కూడా డీలా పడిపోతే బ్యాటరీగానీ, దాని కొసల దగ్గర పట్టుగానీ సరిగా లేదు. చెక్కుచెదరకుండా వెలుగుతుంటే సెల్ఫ్ మోటారునే అనుమానించాలి. ఇవేవీ కాక ఇంజను ‘గిర్రుగిర్రు’న హుషారుగా తిరుగుతూనే ఉండి, అందుకోవడం మాత్రం లేదా? అప్పుడు పాపం బ్యాటరీ జోలికి పోకండి. దానికి తిండన్నా అందడంలేదు, నిప్పన్నా అందడంలేదు. గ్యాసుపొయ్యి వెలగకపోతే సిలిండరు అయిపోయిందా, లైటరు పాడయిందా అని చూసుకోమూ?

‘లైట్లు వెలుగుతున్నాయి, హారన్ మోగుతోంది, బ్యాటరీకేం, బ్రహ్మాండంగా ఉంది’ అని మగమహారాజులు వాదిస్తారు. మోగితే మోగనివ్వండి. ముందు దీపాలు రెండూ కలిసి తాగే కరెంటు ఏ 10 ఆంపియర్లో. ఇంజనుని కదిలించడానికి సెల్ఫ్ మోటారు 150, 200 కూడా లాగుతుంది. మంచంమీద కూచుని కబుర్లు చెప్పినంత మాత్రాన బియ్యంబస్తా ఎత్తగలరా? ఇంకో సంగతి, 12 వోల్టుల బ్యాటరీ అని పేరేగానీ, నిండుగా ఉంటే మీటరు 12.6 చూపించాలి. సరిగ్గా 12 చూపించిందంటే అది దాదాపు ఖాళీ కిందే లెక్క.

అన్నట్టు ఈ సెల్ఫ్‌కి ఆడవాళ్ళం కాస్త రుణపడి ఉన్నాం. పూర్వం కార్లకి ముందు భాగంలో ఇనప హ్యాండిల్ దూర్చి తిప్పాలి. ఇంజను ఎదురు తిరిగితే మణికట్టు విరిగేది. అమెరికాలో ఛార్లెస్ కెటరింగ్ కనిపెట్టిన ఎలక్ట్రిక్ స్టార్టరు 1912లో కాడిలాక్ కార్లలో వచ్చాక ఆ బాధ తప్పడం మొదలుపెట్టింది. పెట్రోలు కార్లు లక్షల్లో అమ్మిన హెన్రీ ఫోర్డుగారి భార్య క్లారా మాత్రం, హ్యాండిల్ తిప్పే పనిలేని డెట్రాయిట్ ఎలక్ట్రిక్ కారు నడుపుకున్నారట. ఆయన ఇంట్లో ఏమనేవారో!

ఇక మా సంగతి. అప్పట్లో మేం విజయవాడలో ఉండేవాళ్ళం. మావారు 1979లో సెకండ్‌హ్యాండులో అంబాసిడర్ కొన్నారు. నేను 1982లో డ్రైవింగు నేర్చుకుంటానంటే మా అత్తగారు, ‘దేనికే, గుడి పక్కవీధేగా’ అన్నారు. ఆవిడకి ఉబ్బసం. చలికాలం వచ్చిందంటే రాత్రిళ్ళు కూచునే తెల్లవార్చేవారు.

1987 డిసెంబరులో మావారు క్యాంపుకెళ్ళారు. రాత్రి రెండింటికి ఆవిడకి ఆయాసం ఎక్కువైంది. మంచంపట్టె పట్టుకుని కూచున్నారు. మాట రావడంలేదు, పెదవులు రంగు మారుతున్నాయి. ఆ వేళప్పుడు రిక్షా ఎక్కడ దొరుకుతుంది? వెళ్ళి తాళం తిప్పాను. ‘టక్’ అంది. అంతే. వెలుగుతున్న దీపం కాస్తా పిట్టలా వాలిపోయింది.

చేతులు వణికాయి, కాదనను. కానీ తాతమాట గుర్తొచ్చింది. సాయంత్రం ఆవిడ మందుల కోసం వెళ్ళినప్పుడు ఇదే బండి శుభ్రంగా స్టార్టయింది. లైట్లు ఆర్పానని నాకు తెలుసు. ఏడెనిమిది గంటల్లో బ్యాటరీకి అంత నీరసం రాకూడదు. మరి కొసల దగ్గరే ఏదో ఉండాలి. తొమ్మిదేళ్ళ మా పెద్దాడి చేతికి టార్చి ఇచ్చి బానెట్ ఎత్తాను. ఊరగాయ జాడీకి బూజు పట్టినట్టు పాజిటివ్ కొసనిండా తెల్లగా, పచ్చగా పొడి! పైన బిగువుగానే ఉంది, లోపల సీసానికీ సీసానికీ మధ్య ఆ పొడే అడ్డం. దీపానికి కావలసిన కాస్త కరెంటు సందుల్లోంచి పోతుంది. సెల్ఫ్ అడిగినంత పోవడానికి దారేదీ?

అత్తగారికి ఆవిరి పట్టడానికి కాచిన నీళ్ళు పొయ్యిమీద ఇంకా వేడిగానే ఉన్నాయి. ఒక గ్లాసు తెచ్చి ఆ కొసమీద పోస్తే పొడి కరిగి జారిపోయింది. డిక్కీలోంచి స్పానర్ తీసి, ముందు నెగటివ్ ఊడదీశాను. ఇది గుర్తుంచుకోండి. ముందు పాజిటివ్ తీయబోతే స్పానర్ బండి ఇనుముకి తగిలి నిప్పులు చెరుగుతుంది. రెండు కొసలూ కూరలచాకుతో మెరిసేదాకా గీకాను. ఈలోగా పక్కింటి బాబాయిగారు లుంగీ బిగించుకుంటూ వచ్చి, ‘తోద్దామా అమ్మాయ్?’ అన్నారు. ‘వద్దు బాబాయిగారూ, అత్తయ్యగారిని పట్టుకుని తీసుకురండి’ అన్నాను. ముందు పాజిటివ్, ఆఖరున నెగటివ్ బిగించి తాళం తిప్పాను. ఒక్క తిప్పుకి అందుకుంది. ఆసుపత్రిలో ఇంజెక్షను పడ్డాక, తెల్లవారుతుండగా ఆవిడ కాస్త నడుం వాల్చి నిద్రపోయారు.

ఆ తర్వాత పదకొండేళ్ళు ఉన్నారు. ఇంటికి ఎవరొచ్చినా, ‘మా కోడలు నాకు కాకుండా కారుకి ఆవిరి పట్టింది’ అని చెప్పి నవ్వేవారు. గుడి పక్కవీధేగా అన్నమాట మళ్ళీ ఆవిడ నోట వినలేదు.

వేసవిలో ఆ బండిది ఇంకో గోల. రోహిణీకార్తెలో గుంటూరు వెళ్తూ దారిలో ఓ సోడాబండి దగ్గర ఆపామా, మళ్ళీ స్టార్టవదు. సెల్ఫ్ గిర్రుగిర్రుమంటుంది, ఇంజను అందుకోదు. ఆ వేడికి గొట్టంలో పెట్రోలు ఆవిరైపోతుంది. నీళ్ళలాంటిదాన్ని తోడే పంపు ఆవిరిని తోడలేదు కదా. తడిపిన తువ్వాలు పంపుమీద వేసి పావుగంట చెట్టుకింద కూచుంటే సరి. పెట్రోలు టాంకులోనే పంపుండే ఈ రోజుల బళ్ళకి ఆ జబ్బు బాగా తగ్గింది.

షెడ్డుకి తీసుకెళ్ళినప్పుడు సంగతి చెప్పాలి. డాక్టరు దగ్గరికెళ్ళి ‘నాకు టైఫాయిడు’ అనం, ‘నాలుగు రోజులుగా జ్వరం’ అంటాం. అక్కడా అంతే. ‘బ్యాటరీ పోయిందండీ’ అన్నారో, కొత్త బ్యాటరీ మీ బిల్లులో ఎక్కి కూచుంటుంది. పొద్దున్నే స్టార్టవదా, వేడిమీద స్టార్టవదా, టక్‌మందా, గిర్రుమందా, అంతవరకే చెప్పండి. 1990లో ఒక షెడ్డులో కుర్రాడు నామాట పూర్తికాకుండానే ‘బ్యాటరీ మార్చాలమ్మగారూ’ అన్నాడు. ‘ఇంజను నడుస్తుండగా మీటరు పెట్టు బాబూ’ అన్నాను. ‘సార్‌ని రమ్మనండి’ అన్నాడు. ‘సారుకి మీటరు చూడ్డం రాదు’ అన్నాను. విసుక్కుంటూ పెట్టాడు. 14 దగ్గర ఉండాల్సింది 12 కూడా లేదు. అంటే బండి నడుస్తున్నా బ్యాటరీకి చార్జి ఎక్కడంలేదన్నమాట. తీరాచేస్తే బెల్టు వదులు. బిగించినందుకు ఏ కళనున్నాడో డబ్బులు కూడా తీసుకోలేదు.

అంబాసిడర్లు తయారు చేయడం 2014లో ఆగిపోయింది. మాది అంతకు చాలాముందే వెళ్ళిపోయింది. ఇప్పటి బళ్ళకి తాళం తిప్పేదే లేదు, బొత్తాం నొక్కడమే. కిందటి నెల హైదరాబాదు నుంచి మా కోడలు ఫోను. సెల్లారులో ఉంది, పిల్లకి పరీక్ష టైమవుతోంది.

‘అత్తయ్యా, టక్కూ లేదు, కిర్రూ లేదు. ఏ చప్పుడూ లేదు.’

‘బ్రేకు తొక్కే నొక్కావా?’

‘తొక్కాను. తాళం కనపడ్డంలేదని ఏదో రాసి చూపిస్తోంది. తాళం నా చేతిలోనే ఉంది!’

అయితే నీరసం కారుది కాదు, తాళానిది. లోపల ఉండే బిళ్ళ సెల్లు అయిపోయి ఉంటుంది. ‘ఆ తాళాన్నే బొత్తానికి ఆనించి నొక్కమ్మా’ అన్నాను. చాలా బళ్ళకి అలా వీలుంటుంది, కొన్నిటికి తాళం ఆనించే చోటు వేరే ఉంటుంది. ఫోన్లోనే ఇంజను చప్పుడు వినపడింది.

సాయంత్రం మళ్ళీ చేసింది. తాళం విప్పి చూస్తే లోపలిది 2032 నంబరు బిళ్ళట. వంటింట్లో పిండి తూచే మిషనులోనూ సరిగ్గా అదే ఉందిట, తీసి వేసేసింది. కొత్తది కొనేదాకా కేకు కొలతలు చేతి అంచనానే.